రక్షణ పొందాక చివరిదాకా నిలిచి ఉండటం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

యూత్ కూడికల్లో, ఉపవాస ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర, అర్ధరాత్రి వచ్చే వాట్సాప్ మెసేజ్‌ల్లో ఇవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. నేను ఎటువైపో ముందే చెప్పేస్తా. రక్షణ మొదటి నుంచి చివరిదాకా దేవుని కృపే, కానీ ఆ కృపలో విశ్వాసంతో నిలిచి ఉండాలి, ఆ విశ్వాసం బతుకులో కనపడాలి, ఇది ఇష్టమైతే చేసేది కాదు, తప్పనిసరి. నాతో ఒప్పుకోని దైవభక్తిగలవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మాట కూడా న్యాయంగా చెప్పడానికి ట్రై చేశా. మీకు ఏ ప్రశ్న కావాలో దానికి నేరుగా వెళ్లిపోండి.

## కొత్తగా నమ్ముకున్నప్పుడు

రక్షణ ఫ్రీ అంటారు, మళ్లీ కండిషన్లు అంటారు, ఏది నిజం?

రెండూ నిజమే. ఎఫెసీ 2:8 "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అంటుంది, దాని తర్వాత 9వ వచనం క్రియల వలన కాదు అంటుంది, ఇక్కడిదాకా అందరికీ కంఠతా వచ్చు, కానీ 10వ వచనం దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు, మనల్ని సత్క్రియలు చేయడానికే క్రీస్తుయేసులో సృష్టించాడని ఉంది అక్కడ. మనం చేసే మంచి రక్షణకి కట్టే వెల కాదు, ఎంత కట్టినా సరిపోదు కూడా. కానీ కొలస్సీ 1:22-23లో పౌలు, దేవుడు మిమ్మల్ని నిర్దోషులుగా నిలబెడతాడు, మీరు విశ్వాసంలో స్థిరంగా నిలిచి ఉంటే, అని రాశాడు. ఆ "ఉంటే" అన్నది పౌలు పెట్టిందే, తర్వాత వచ్చిన ఏ పాస్టరో కలిపింది కాదు. దేవుడు ఇచ్చినదాన్ని పట్టుకుని ఉండమంటున్నాడు, కొనుక్కోమనట్లేదు.

బాప్తిస్మం తీసుకున్నా, ఇక పరలోకం గ్యారంటీయే కదా?

కాదండి. 1 కొరింథీ 10లో పౌలు ఇశ్రాయేలీయుల గురించి, వాళ్లందరూ మోషేని బట్టి సముద్రంలో బాప్తిస్మం పొందారు, అందరూ ఒకే ఆత్మసంబంధమైన ఆహారం తిన్నారు, అయినా వాళ్లలో ఎక్కువమంది అరణ్యంలోనే రాలిపోయారు అంటాడు. అపొస్తలుల కార్యములు 8లో గారడీ సీమోను కూడా నమ్మి బాప్తిస్మం తీసుకున్నవాడే, కాసేపటికే డబ్బుతో దేవుని వరాన్ని కొనబోయాడు.

మన దగ్గర ఈ జాగ్రత్త చాలా పాతది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్ట్ తీసుకుని వేలమందికి పని ఇప్పించాడు, ఆ సహాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు, జనం గింజల కోసం రాకూడదని. సహాయం ఆగిపోయాక కూడా జనం మాకు యేసు కావాలని వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సహాయం లేకపోయినా మిగిలే విశ్వాసమా కాదా అని ఆయన ముందు చూడాలనుకున్నాడు. మన బాప్తిస్మాన్ని కూడా మనం అలాగే చూసుకోవాలి, నీళ్లలోనుంచి పైకి వచ్చాక ఏం జరిగింది అని.

సిలువ మీద దొంగ ఒక్క మంచి పని కూడా చేయలేదు కదా, మరి నాకెందుకు ఇదంతా?

లూకా 23 ఒకసారి నెమ్మదిగా చదవండి. శిష్యులు పారిపోయినప్పుడు, అధికారులు ఎగతాళి చేస్తున్నప్పుడు, ఆ దొంగ అందరి ముందు యేసు నిర్దోషి అన్నాడు, తన శిక్ష న్యాయమే అని ఒప్పుకున్నాడు, పక్కవాడిని దేవునికి భయపడవా అని గద్దించాడు, యేసుని రాజుగా ఒప్పుకున్నాడు. ఊపిరి ఆడని స్థితిలో ఆయన చేయగలిగింది అంతే, చేయగలిగిందంతా చేశాడు. ఆయనకి మిగిలింది కొన్ని గంటలు, ఆ గంటల్లో నిలిచి ఉన్నాడు. మనకి ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉంటే అన్నేళ్లూ అదే వర్తిస్తుంది.

నీతిగా బతకడం అంటే సినిమాలు, నగలు, బొట్టు మానేయడమేనా?

ఈ ప్రశ్న దగ్గర నాకు నిజంగా బాధ కలుగుతుంది. మన తెలుగు సంఘాల్లో నీతి అనగానే ఆడవాళ్ల చెవులూ మెడా చూస్తాం. సంఘంగా సాదాసీదాగా ఉండాలని నిర్ణయించుకుంటే మంచిదే, నేను వద్దనను, కానీ పౌలు గలతీ 5:19-21లో దేవుని రాజ్యానికి వారసులు కారు అని ఎవరి గురించి చెప్పాడో ఆ లిస్టు చూడండి, జారత్వం, విగ్రహారాధనతో పాటు ద్వేషాలు, కలహాలు, అసూయలు, క్రోధాలు, కక్షలు, భేదాలు, తాగుడు ఉన్నాయి. మత్తయి 25లో గొర్రెల్ని మేకల్ని వేరు చేసేటప్పుడు ప్రభువు అడిగేది ఆకలి, దాహం, బట్టలు, రోగం, చెరసాల గురించి.

మరి చెవిపోగులు తీయించిన ఇంట్లోనే పెళ్లికి కట్నం మాట్లాడుకుంటే? మన దేశంలో 1961 నుంచి అది చట్టప్రకారం కూడా నేరం. ఒకే బల్లలో రొట్టె విరిచి, పిల్లకి సంబంధం వచ్చేసరికి ముందు కులం అడిగితే? పనిమనిషి జీతం రెండు నెలలు ఆపితే? యాకోబు 5:4 కూలివాళ్లకి ఇవ్వకుండా పట్టుకున్న కూలి మొరపెడుతోంది అని చెప్తుంది. నీతిగా బతకడం అంటే ముందు ఇవి సరిచేసుకోవడం.

## నడుస్తూ ఉన్నప్పుడు

"ఒకసారి రక్షణ పొందితే ఎప్పటికీ పోదు" అని మా అయ్యగారు చెప్పారు, మీరేంటి వేరేగా చెప్తున్నారు?

మీ అయ్యగారు గాల్లోంచి చెప్పలేదు, దానికి పెద్ద చరిత్రే ఉంది. నెదర్లాండ్స్‌లో 1609లో ఆర్మీనియస్ అనే బైబిల్ పండితుడు చనిపోయాక ఆయన వైపువాళ్లు 1610లో ఐదు అంశాలు రాసి ఇచ్చారు, అందులో ఐదోది ఇదే, నిజమైన విశ్వాసి పూర్తిగా పడిపోగలడా లేదా అని. అప్పుడు వాళ్లు కూడా దాన్ని తేల్చేయలేదు, లేఖనాల్లో ఇంకా పరిశీలించాలి అన్నారు, తర్వాత పడిపోవడం సాధ్యమే అనే వైపుకి వచ్చారు. 1618-19లో డోర్ట్ అనే ఊళ్లో జరిగిన సభ, లేదు, దేవుడు ఎన్నుకున్నవాళ్లని ఆయనే చివరిదాకా కాపాడతాడు అని తేల్చింది. 16వ శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విన్ బోధని అనుసరించే సంఘాలు ఈనాటికీ అదే చెప్తాయి.

కానీ లూథరన్లు అంతకుముందే 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో, ఒకసారి నీతిమంతులైనవాళ్లు పరిశుద్ధాత్మని పోగొట్టుకోలేరు అనే మాటని తప్పు అని ఖండించారు. కథోలిక సంఘం 1547లో ట్రెంట్ సభలో మరణకరమైన పాపం వల్ల కృప పోతుందని, పశ్చాత్తాపంతో తిరిగి పొందవచ్చని చెప్పింది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 18వ శతాబ్దంలో విశ్వాసి కృపలోనుంచి పడిపోగలడు అని గట్టిగా బోధించాడు. ఇప్పుడు మన ఊళ్లకి రండి, గుంటూరు వైపు ఏఈఎల్‌సీ లూథరన్ సంఘం, మెదక్ వైపు సంఘాలకి వెస్లీ మెథడిస్టుల మూలం, 1947లో సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసిపోయారు, కాబట్టి ఒకే సంఘంలో రెండు రకాల బోధా వినపడటంలో వింత లేదు.

ముఖ్యమైన సంగతి ఒకటుంది. డోర్ట్‌వాళ్లు కూడా ఎలా బతికినా పర్లేదు అనలేదు. పూర్తిగా విడిచి వెళ్లిపోయినవాడు మొదట్లోనే నిజంగా తిరిగి పుట్టలేదు అంటారు, దానికి 1 యోహాను 2:19 చూపిస్తారు. అంటే నిలిచి ఉండకుండా ఎవరూ రక్షణ చేరరు అనే దగ్గర ఇద్దరూ ఒకటే. చేతులెత్తి ఒక ప్రార్థన చెప్పాను కాబట్టి ఇక ఏం చేసినా సీటు రిజర్వ్ అయిపోయింది అనేది కాల్విన్ బోధా కాదు, వెస్లీ బోధా కాదు. ఆ మాట మాత్రం ఎవరు చెప్పినా నమ్మొద్దు.

యోహాను 10:28లో నా చేతిలోనుంచి ఎవడూ అపహరించడు అని ఉంది కదా?

ఉంది, అది మన గుండెకి ఆనించుకోవాల్సిన మాట. దాని ముందున్న 27వ వచనం కూడా కలిపి చదవండి, నా గొర్రెలు నా స్వరం వింటాయి, నన్ను వెంబడిస్తాయి. వింటూ వెంబడించే గొర్రెని సాతానుగాని, మనుషులుగాని, చావుగాని లాక్కుపోలేరు. రోమా 8:38-39లో కూడా పౌలు రాసిన లిస్టు అంతా బయటినుంచి మన మీదకి వచ్చేవే. కానీ అదే పత్రికలో 11:22లో "అట్లు నిలువని యెడల నీవును నరికివేయబడుదువు" అని విశ్వాసులకే రాశాడు. వాగ్దానం, హెచ్చరిక రెండూ ఒకే మనిషి ఒకే సంఘానికి రాసినప్పుడు మనం ఒకటి ఉంచుకుని ఒకటి తీసేయకూడదు.

పౌలు విశ్వాసం అంటాడు, యాకోబు క్రియలు అంటాడు, ఎవరు కరెక్ట్?

ఇద్దరూ అబ్రాహామునే చూపిస్తారు, కానీ జీవితంలో వేర్వేరు రోజులు చూపిస్తారు. పౌలు చూపేది ఆదికాండము 15, అబ్రాహాము నక్షత్రాలు చూసి దేవుని మాట నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది. యాకోబు చూపేది 22వ అధ్యాయం, అదే అబ్రాహాము ఏళ్ల తర్వాత ఇస్సాకుని కొండమీదికి తీసుకెళ్లాడు. మొదటిరోజు నమ్మిన నమ్మకం బతికే ఉందని రెండో రోజు తెలిసింది. పౌలు ఎదుర్కొన్నది సున్నతి చేయించుకుంటేనే దేవుడు ఒప్పుకుంటాడు అనేవాళ్లని, యాకోబు ఎదుర్కొన్నది బట్టల్లేని అన్నదమ్ముడికి ఏమీ ఇవ్వకుండా సమాధానంగా వెళ్లు, చలి కాచుకో అనేవాళ్లని.

లూథర్ 1522లో యాకోబు పత్రికని గడ్డి పత్రిక అన్నాడు అని కొందరు ఎత్తి చూపుతారు, నిజమే అన్నాడు, కానీ అదే లూథర్ రోమా పత్రికకి రాసిన ముందుమాటలో విశ్వాసం సజీవమైంది, అది మంచి చేయకుండా ఉండలేదు అని కూడా రాశాడు. 1999 అక్టోబర్ 31న లూథరన్లు, కథోలికులు ఆగ్స్‌బర్గ్‌లో నీతిమంతులుగా తీర్చబడటం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకం పెట్టారు, 2006లో మెథడిస్టులు, 2017లో కాల్విన్ వైపు రిఫార్మ్డ్ సంఘాలు కలిశాయి. కృప వల్లే అంగీకరింపబడతాం, ఆ కృప మనల్ని మంచి పనులకి పంపిస్తుంది అని అందరూ కలిసి చెప్పారు. దానికోసం ఒకప్పుడు యుద్ధాలే జరిగాయి, అందుకే ఆ రోజు నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

రోజూ ఏదో ఒక పాపం చేస్తూనే ఉన్నా, ప్రతిసారీ రక్షణ పోయి మళ్లీ వస్తుందా?

అలా స్విచ్ ఆన్ ఆఫ్ అయినట్టు ఉండదు, దయచేసి ఆ భయంలో బతకొద్దు. మనలో పాపం లేదనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నాం అని 1 యోహాను 1:8 విశ్వాసులకే చెప్తుంది, వెంటనే 9వ వచనం ఒప్పుకుంటే ఆయన క్షమించి పవిత్రులుగా చేస్తాడు అంటుంది. సామెతలు 24:16 నీతిమంతుడు ఏడుసార్లు పడినా లేస్తాడు అంటుంది, పడనివాడు అనలేదు.

హెబ్రీ 10:26 హెచ్చరించేది వేరే సంగతి, సత్యం తెలిసిన తర్వాత కావాలనే, బుద్ధిపూర్వకంగా పాపంలో సెటిల్ అయిపోవడం. రాత్రి ఫోన్‌లో చూడకూడనిది చూసి ఏడ్చి, ఫోన్ హాల్లో చార్జింగ్ పెట్టి పడుకోవడం మొదలుపెట్టి, ఒక అన్నతో ఓపెన్‌గా చెప్పుకునేవాడు పోరాడుతున్నాడు. ఇందులో తప్పేముంది అందరూ చూసేదే అని వాదించేవాడు పోరాటం ఆపేశాడు. ఆందోళన పడాల్సింది రెండోవాడు, కానీ నాకు మెసేజ్ పెట్టేది ఎప్పుడూ మొదటివాడే.

దశమభాగం ఇవ్వకపోతే నరకానికి పోతామా?

పోరు. 2 కొరింథీ 9:7 సణుక్కోకుండా, బలవంతం లేకుండా హృదయంలో నిశ్చయించుకున్నట్టు ఇవ్వమంటుంది. రక్షణని కానుకల లెక్కతో బెదిరించే బోధ విన్నప్పుడు అక్కడినుంచి లేచి రండి. ధనాపేక్ష మాత్రం నిజమైన ప్రమాదమే, అది కవర్లో పది శాతం పెట్టేవాడిలో కూడా ఉండొచ్చు.

చర్చికి వెళ్లకుండా ఇంట్లో యూట్యూబ్‌లో వాక్యం వింటే చాలదా?

మంచం మీద ఉన్నవాళ్లకి, నైట్ షిఫ్ట్‌వాళ్లకి, గల్ఫ్‌లో యజమాని ఇల్లు దాటి బయటికి రాలేని మన గోదావరి జిల్లాల, కడప అక్కలకి ఆ ఫోనే సంఘం, దేవుడు వాళ్లని చూస్తున్నాడు. వెళ్లగలిగి వెళ్లనివాళ్ల సంగతి వేరు. హెబ్రీ 3:13 పాపం మోసం చేసి గుండె గట్టిపడకుండా ప్రతిరోజూ ఒకరినొకరు హెచ్చరించుకోమంటుంది. యూట్యూబ్‌లో వచ్చే బోధకుడికి మీరు మీ ఆవిడతో మూడురోజులుగా మాట్లాడట్లేదని తెలీదు, పక్క బెంచీ మీద కూర్చునే పెద్దాయనకి మొహం చూస్తే తెలిసిపోతుంది. ఒంటరిగా నిలబడటం చాలా కష్టం, అందుకే ఒక్కొక్కరే పడిపోతారు.

సర్టిఫికెట్‌లో హిందూ అని ఉంది, అంటే నేను యేసుని ఎరగనని చెప్పినట్టేనా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు చాలామంది గొంతు వణుకుతుంది. సంగతి ఏంటంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవులకి ఇవ్వలేదు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవులైన దళితులు బీసీ-సీ కిందికి వస్తారు, ఒక్క శాతం రిజర్వేషన్. యేసుని నమ్మితే వాడలో చూపు మారదు, చాలాచోట్ల సమాధుల స్థలం కూడా మారదు, కాగితం మీద మాత్రం మారిపోయావు అంటారు. ఇది అన్యాయం అనే నేను నమ్ముతా, దీనిమీద కోర్టులో ఏళ్లతరబడి పోరాటం నడుస్తోంది.

ఇప్పుడు రక్షణ సంగతి. మత్తయి 10:33లో ప్రభువు చెప్పేది మనుషుల ముందు తెలిసి తెలిసి ఆయన్ని కాదనడం గురించి. చిన్నప్పుడు తాతయ్యో స్కూల్ మాస్టారో రాయించిన కాగితం మీరు చేసిన తిరస్కారం కాదు. పెద్దయ్యాక విచారణలో నువ్వు క్రైస్తవుడివా అని నేరుగా అడిగితే కాదని ప్రమాణం చేసి సంతకం పెట్టడం మాత్రం మనస్సాక్షిని తాకే విషయం, దాన్ని నేను చిన్నది చేయలేను. 250లో రోమా చక్రవర్తి డెకియస్ దేవతలకి బలి అర్పించినట్టు సర్టిఫికెట్ చూపించమన్నప్పుడు కొందరు విశ్వాసులు బలి అర్పించకుండా లంచం ఇచ్చి కాగితం మాత్రం తెచ్చుకున్నారు. కార్తేజీలో సిప్రియన్ నడిపించిన సంఘం వాళ్లు తప్పు చేశారనే అంది, కానీ బలి అర్పించినవాళ్లతో సమానంగా చూడలేదు, పశ్చాత్తాపపడినవాళ్లని తిరిగి చేర్చుకుంది. మన పరిస్థితి దానితో పూర్తిగా ఒకటి కాదు, ఇక్కడ ఎవరూ బలి అడగట్లేదు, చట్టం ఇచ్చే హోదాని తీసేస్తాం అంటున్నారు. అయినా ఆ సంఘం చూపిన తూకం మనకి పనికొస్తుంది. ప్రమాణం చేసి అబద్ధం చెప్పొద్దు, ఒక మంచి లాయర్‌తో, మీ కష్టం తెలిసిన కాపరితో మాట్లాడండి, ఈ సిగ్గుతో ప్రభువు బల్లకి మాత్రం దూరం కావొద్దు. ఏ లోటూ లేని కుటుంబాలవాళ్లు పుల్‌పిట్ ఎక్కి ఈ విషయంలో తిట్టడం ఆపాలి.

అత్తగారింట్లో ఒప్పుకోరు, రహస్యంగా ప్రార్థన చేసుకుంటున్నా, నా విశ్వాసం లెక్కలోకి వస్తుందా?

వస్తుందమ్మా. అరిమతయియ యోసేపు యూదులకి భయపడి రహస్యంగా శిష్యుడిగా ఉన్నాడని యోహాను 19:38 చెప్తుంది, కానీ అందరూ దాక్కున్న రోజున ఆయనే పిలాతు దగ్గరికి వెళ్లి దేహం అడిగాడు. సిరియా సేనాపతి నయమాను, రాజు నా చెయ్యి మీద ఆనుకుని గుడిలో వంగినప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, క్షమించాలి అంటే ఎలీషా సమాధానంగా వెళ్లు అన్నాడు. దెబ్బలు తినే పరిస్థితి ఉంటే మౌనంగా ఉండటం విశ్వాసం వదలడం కాదు. దేవుడు ధైర్యం ఇచ్చే రోజు వస్తుంది, ఆ రోజుకోసం అడుగుతూ ఉండండి.

## పడిపోయినప్పుడు

పరిశుద్ధాత్మకి వ్యతిరేకంగా ఏదో అనుకున్నా, ఇక క్షమాపణ లేదా?

మార్కు 3లో యేసు ఈ మాట అన్నది ఎవరితో? దయ్యాలు పారిపోవడం కళ్లారా చూసి కూడా ఇది దయ్యాల అధిపతి బయెల్జెబూలు పని అని జనాన్ని తిప్పేస్తున్న శాస్త్రులతో, 30వ వచనం ఆ కారణం స్పష్టంగా చెప్తుంది. తెలిసి తెలిసి వెలుగుని చీకటి అనే మొండితనం అది. మీ తలలోకి మీకిష్టం లేకుండా దూసుకొచ్చిన చెడ్డ ఆలోచన అది కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జాన్ బన్యన్ ఇలాంటి భయంతోనే చాలాకాలం నలిగిపోయాడు, తర్వాత గొప్ప బోధకుడయ్యాడు.

ఆ ఆలోచనలు ఆగకుండా తిరుగుతుంటే, వందసార్లు క్షమాపణ అడిగినా తృప్తి లేకపోతే, నిద్ర పట్టకపోతే సైకియాట్రిస్ట్‌ని కలవండి, అది విశ్వాసం తక్కువై కాదు. టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా మాట్లాడతారు.

హెబ్రీ 6 ప్రకారం ఒకసారి పడిపోతే తిరిగి రావడం అసాధ్యం కదా?

హెబ్రీ 6:4-6 చాలా గట్టి హెచ్చరిక, దాన్ని మెత్తగా చేయడం నాకిష్టం లేదు. వెలిగింపబడి, పరలోక వరం రుచిచూసి, పరిశుద్ధాత్మలో పాలుపొందినవాళ్లు అంటే విశ్వాసులే అని నా నమ్మకం. అలాంటివాళ్లు దేవుని కుమారుణ్ణి మళ్లీ సిలువ వేస్తూ బహిరంగంగా అవమానిస్తూ ఉండగా మారుమనస్సుకి తేవడం అసాధ్యం అంటున్నాడు. కానీ తిరిగి రావాలని ఏడుస్తున్నవాణ్ణి దేవుడు తోసేస్తాడు అని అక్కడ లేదు. 251లో రోమాలో నొవేషియన్ అనే ఆయన, హింసలో క్రీస్తుని కాదన్నవాళ్లని సంఘం ఎప్పటికీ చేర్చుకోకూడదు అని విడిపోయాడు. సంఘం ఆయన మాట ఒప్పుకోలేదు, దీర్ఘమైన పశ్చాత్తాపం పెట్టింది కానీ తలుపు మూయలేదు. మీకు తిరిగి రావాలని ఉందంటే ఆ కోరిక పుట్టించింది ఎవరనుకుంటున్నారు?

పేతురూ యూదా ఇద్దరూ ద్రోహం చేశారు, తేడా ఏంటి?

పేతురు మూడుసార్లు ఒట్టు పెట్టుకుని మరీ కాదన్నాడు, తప్పు చిన్నదేం కాదు. యూదా కూడా బాధపడ్డాడు, డబ్బు తిరిగి ఇచ్చేశాడు. కానీ యూదా తన బాధని యాజకుల దగ్గరికి తీసుకెళ్లాడు, వాళ్లు మాకేంటి అన్నారు. పేతురు ఏడ్చి, మిగతా శిష్యులతోనే ఉండి, యేసు ఒడ్డున కనపడగానే నీళ్లలోకి దూకి వెళ్లాడు. ఒక మనవి, ఆత్మహత్యతో ఇంట్లోవాళ్లని పోగొట్టుకున్న కుటుంబం దగ్గర యూదా కథ ఎత్తొద్దు, మానసిక జబ్బుతో పోయిన బిడ్డకి తీర్పు చెప్పే అధికారం మనకి ఎవరూ ఇవ్వలేదు.

నాకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టరే పడిపోయాడు, మరి నా బాప్తిస్మం?

చెల్లుతుంది. 4వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో డొనాటిస్టులు ఇదే పట్టుకుని సంఘాన్ని చీల్చారు, పడిపోయిన బిషప్ చేసినవి చెల్లవని. 314లో ఆర్ల్ సభ, తర్వాత అక్కడి బిషప్ అగస్టీన్ అది తప్పు అని నిలబడ్డారు, మీకు ఇచ్చింది క్రీస్తు, ఆ చెయ్యి ఎవరిదైనా సరే. ఆ పాస్టర్ గురించి మాత్రం, ఇతరులకి ప్రకటించి నేనే భ్రష్టుడనై పోతానేమో అని పౌలే 1 కొరింథీ 9:27లో తన గురించి భయపడ్డాడు. సేవలో ఉన్నవాళ్లకి మినహాయింపు లేదు.

## తిరిగి రావాలనుకున్నప్పుడు

పదేళ్లు దూరంగా ఉన్నా, మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా?

అక్కర్లేదు, తప్పిపోయిన కొడుకు తిరిగొచ్చినప్పుడు తండ్రి కొత్తగా దత్తత తీసుకోలేదు. (చిన్నప్పుడు చిలకరింపు పొందినవాళ్లకి మళ్లీ ముంచాలా అనేది బాప్టిస్ట్, బ్రదరన్ సంఘాల వేరే చర్చ.) మీరు చేయాల్సింది పాపం ఒప్పుకోవడం, ఎవరికి అన్యాయం చేశారో వాళ్ల దగ్గరికి వెళ్లడం. జక్కయ్య నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. తినేసిన చీటీ డబ్బులు ఉంటే వాయిదాల్లో అయినా కట్టండి.

తిరిగొచ్చా, కానీ సంఘంలో అందరూ అదోలా చూస్తున్నారు

తప్పు చేసి శిక్ష పొందినవాణ్ణి క్షమించి ఆదరించండి, లేకపోతే అధిక దుఃఖంలో మునిగిపోతాడు అని పౌలు 2 కొరింథీ 2:7లో సంఘానికే రాశాడు. వాళ్లు పాటించకపోతే అది వాళ్ల లోపం. మీరు మాత్రం వెనక బెంచీలో అయినా కూర్చోండి, వెళ్లిపోవద్దు.

మా అబ్బాయి చిన్నప్పుడు ఎంతో భక్తిగా ఉండేవాడు, ఇప్పుడు విశ్వాసమే వదిలేశాడు, నేనేం చేయాలి?

మీ పెంపకం తప్పు అని ఎవరైనా అంటే ఆ మాట మోయకండి. యేసు నేర్పించిన పన్నెండుమందిలోనే ఒకడు వెళ్లిపోయాడు. పౌలు జతపనివాడు అని రాసిన దేమా చివర్లో ఈ లోకాన్ని ప్రేమించి ఆయన్ని విడిచిపోయాడు.

మోనికా తన కొడుకు అగస్టీన్ కోసం ఏళ్లతరబడి ఏడ్చి ప్రార్థించింది, అతను వేరే మతంలో తిరిగాడు, ఆమెకి చెప్పకుండా ఓడెక్కి రోమాకి వెళ్లిపోయాడు. చివరికి 387 ఈస్టర్‌కి మిలాన్‌లో బిషప్ ఆంబ్రోస్ చేతిమీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు, అప్పటికి అతనికి 32 ఏళ్లు. అన్ని కథలూ అలా అవుతాయని మాటివ్వలేను, కానీ ఆమె చేసినవి రెండు మనం చేయొచ్చు, ప్రార్థన ఆపలేదు, కొడుకుని ఇంటినుంచి శాశ్వతంగా తోసేయలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ చర్చికెళ్లావా అని అడగకండి, అన్నం తిన్నావా అని అడగండి. అతని ప్రశ్నలు నిజమైన ప్రశ్నలైతే కోప్పడకుండా వినండి. పడిపోతాడని తెలిసి కూడా పర్లేదు దేవుడు చూసుకుంటాడులే అని వదిలేయకండి కూడా, తప్పిపోయినవాణ్ణి మళ్లించినవాడు ఒక ఆత్మని మరణంనుంచి తప్పిస్తాడు అని యాకోబు 5:20 చెప్తుంది.

## చివరి దశలో

చివర్లో మారుమనస్సు పొందితే చాలు కదా, ఇప్పటినుంచే ఎందుకు?

4వ శతాబ్దంలో చాలామంది ఇలాగే బాప్తిస్మం వాయిదా వేసేవాళ్లు, కాన్‌స్టంటైన్ చక్రవర్తి కూడా 337లో చావుకి ముందే తీసుకున్నాడు. చివరి ఘడియలో పిలిచినా దేవుడు వింటాడు, ఐసీయూ బయట నిలబడ్డ కుటుంబాలకి నేను అదే చెప్తా. కానీ ప్లాన్ చేసుకుని ఆగేవాడి గుండె ఆ రోజుకి మెత్తగా ఉంటుందని ఏంటి నమ్మకం? నేడు మీరు ఆయన శబ్దం వింటే మీ హృదయాల్ని కఠినపరచుకోకండి అని హెబ్రీ 3:15 చెప్పేది అందుకే.

అమ్మకి మతిమరుపు జబ్బు, యేసు పేరు కూడా గుర్తు లేదు, ఆమె చివరిదాకా నిలిచినట్టేనా?

నిలిచినట్టే. నిలిచి ఉండటం అంటే జ్ఞాపకశక్తి పరీక్ష కాదు. జబ్బుతో మెదడు చెడిపోవడం వేరు, మనసారా క్రీస్తుని విడిచిపెట్టడం వేరు, అమ్మ విడిచిపెట్టలేదు. ప్రభువు తనవాళ్లని ఎరుగును అని 2 తిమోతి 2:19, ముదిమి వచ్చేదాకా ఎత్తుకునేది నేనే అని యెషయా 46:4. ఆమె ఆయన్ని మర్చిపోయినా ఆయన ఆమెని మర్చిపోలేదు. పక్కన కూర్చుని పాత కీర్తనలు పాడండి, పేర్లు పోయినవాళ్లకి కూడా పాటలు చాలాసార్లు మిగిలి ఉంటాయి.

నేను చివరిదాకా నిలుస్తానని ఇప్పుడే ఎలా తెలుస్తుంది?

రేపటి విశ్వాసం ఈరోజే చేతికివ్వరు, కానీ ఈరోజుకి నిశ్చయత ఉంటుంది, మనం దేవుని పిల్లలం అని ఆత్మ మన ఆత్మతో సాక్ష్యమిస్తాడు అని రోమా 8:16. యూదా పత్రిక 21వ వచనంలో దేవుని ప్రేమలో మిమ్మల్ని మీరు కాచుకోండి అని ఉంది, 24లో తొట్రిల్లకుండా కాపాడగలిగేది ఆయనే అని ఉంది. ఫిలిప్పీ 2:12 భయంతో వణుకుతో సొంత రక్షణ కొనసాగించుకోమంటుంది, 13 మీలో పనిచేసేది దేవుడే అంటుంది. నేను ఈ రెండు వచనాల మధ్యే బతుకుతా. స్ముర్నలో ముసలి బిషప్ పోలికార్పు క్రీస్తుని దూషించమంటే 86 ఏళ్లు ఆయన్ని సేవించా, నాకు ఏ కీడూ చేయలేదు, నా రాజుని ఎలా దూషిస్తా అన్నాడు. ఆ ధైర్యం అరేనాలో హఠాత్తుగా వచ్చింది కాదు, అన్నేళ్ల నడకలోనుంచి వచ్చింది.

చేయగలిగిన పని ఒకటి చెప్తా. 1742లో బ్రిస్టల్‌లో మెథడిస్టులు ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి పన్నెండుమందికి ఒక లీడర్ చొప్పున వారానికి ఒక పెన్నీ వసూలు చేయడం మొదలుపెట్టారు, ఇళ్లకి తిరిగే లీడర్లకి ఎవరు ఎలా బతుకుతున్నారో తెలిసింది, అలా వారం వారం ఒకరి ఆత్మ సంగతి ఒకరు అడిగే చిన్న కూడికలు పుట్టాయి. మన వీధి ప్రార్థన గ్రూపుల్లో పాటా, వాక్యం, టీ అయిపోయాక ఒక్క అరగంట దీనికి పెట్టుకోవచ్చు. ముగ్గురున్నా చాలు, ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో, ఈ వారం ఎక్కడ పడ్డావు, ఎవరితో సరిచేసుకోవాలి, వచ్చేవారం నేను ఏం అడగాలి. మాట బయటికి పోకూడదని ముందే అనుకోండి, వచ్చే శుక్రవారమే మొదలుపెట్టొచ్చు.